కాలేయానికి కాపలా ఎవరు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నువ్వు చదువుకున్న శాస్త్రం నుంచి అందరికీ పనికొచ్చే విషయం ఏదైనా అరగంట చెప్పు" అని కార్యవర్గం వారు కోరారు. విషయం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. నేను ఔషధశాస్త్రం చదివి, అదే పాఠంగా చెబుతూ వచ్చినవాణ్ణి. అందువల్ల మన బ్యాచ్‌లో ఎవరి స్కానింగ్ రిపోర్టులో 'ఫ్యాటీ లివర్' అనే మాట కనబడినా నాకు ఫోన్ వస్తుంది. ప్రశ్న ఇంచుమించు ఒకటే. "నేల ఉసిరి రసం తాగమంటున్నారు, తాగొచ్చా?" "పసుపు క్యాప్సూల్స్ లివర్‌ని శుభ్రం చేస్తాయటగా?" "యాంటీ ఆక్సిడెంట్లు ఎంత ఎక్కువైతే అంత మంచిదట, నిజమేనా?" విడివిడిగా ఫోన్లో చెబుతూ వచ్చిన జవాబును ఇవాళ అందరికీ కలిపి చెబుతాను.

ముందు కాలేయం ఏం చేస్తుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. అది పొట్టలో కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవాళ్లలో దాదాపు కిలోన్నర బరువు. మనం తిన్నది, తాగింది, మింగిన మాత్ర పేగుల్లోంచి రక్తంలో కలిశాక, చాలావరకు ముందుగా కాలేయం గుమ్మం తొక్కి ఆ తర్వాతే మిగతా ఒంటికి వెళ్తుంది. పనికొచ్చేది దాచడం, అక్కర్లేనిదాన్ని నీళ్లలో కరిగే రూపంలోకి మార్చి బయటికి పంపే ఏర్పాటు చేయడం దాని పని.

ఈ పనికి కాలేయ కణం ప్రాణవాయువును వాడుకుంటుంది. వాడేటప్పుడు రవ్వలు లేస్తాయి. మనలో చాలామందిమి కట్టెల పొయ్యి మీద వంట చేసిన ఇళ్లలో పెరిగాం. పొయ్యి మండుతుంటే రవ్వలు రాకుండా ఉండవు. పక్కన బిందెలో నీళ్లుంటే రవ్వ పడినా ఆర్పేస్తాం. రవ్వలు ఎక్కువై, బిందె ఖాళీ అయితే చూరు అంటుకుంటుంది. కణంలో లేచే ఈ రవ్వలనే ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి కణం పొరలోని కొవ్వునూ, మాంసకృత్తులనూ, డీఎన్‌ఏనూ పాడుచేస్తాయి. రవ్వలు పెరిగి, ఆర్పే నీళ్లు చాలని స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు.

ఆర్పే ఏర్పాటు కణంలోనే ఉంది. మోకాలు కొట్టుకుపోయినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే పుండు మీద తెల్లటి నురగ పొంగడం మీరంతా చూసే ఉంటారు. మన కణాల్లోని కెటలేజ్ అనే ఎంజైము ఆ పెరాక్సైడ్‌ను క్షణాల్లో నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్ల వచ్చే నురగ అది. అలాంటి ఇంకో ఎంజైము సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. దాన్ని 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు గుర్తించారు. వీటన్నిటికంటే ఇవాళ్టి కథలో ముఖ్యమైన పాత్ర గ్లూటాథయోన్. మూడు అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న అణువు. దుకాణంలో కొనేది కాదు, కాలేయ కణం తనకు తానే తయారు చేసుకునేది. మన బిందెలో నీళ్లు అవే అనుకోండి.

ఆ నీళ్లు ఎంత విలువైనవో పారాసెటమాల్ కథ చెబుతుంది. జ్వరానికి మనమంతా వేసుకునే మాత్రే. సరైన మోతాదులో చాలా మంచి మందు. మాత్రలో చాలా భాగాన్ని కాలేయం ఏ గొడవా లేకుండా బయటికి పంపేస్తుంది. కొంచెం భాగం మాత్రం నాప్‌క్వి అనే విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ దాన్ని పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది. మోతాదు మరీ మించితే గ్లూటాథయోన్ అంతా ఖర్చయిపోతుంది. అప్పుడు ఆ విషం కాలేయ కణాల మీద పడి చంపుతుంది. ఈ లెక్కను 1973లో అమెరికాలో జెర్రీ మిచెల్, బెర్నార్డ్ బ్రోడీ బృందం విప్పి చెప్పింది. కారణం తెలిశాక మందు వెతకడం తేలికైంది. గ్లూటాథయోన్ తయారీకి కావలసిన ముడిసరుకును అందించే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే మందును వాడి చూశారు. ఎడిన్‌బరోలో ప్రెస్కాట్ బృందం 1979లో దాని ఫలితాలు ప్రకటించింది. మాత్రలు మింగిన 8 గంటల లోపు ఈ మందు మొదలుపెడితే కాలేయం దాదాపు ఎప్పుడూ దక్కుతుంది. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఆ మందు దొరుకుతుంది.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆక్సీకరణ ఒత్తిడి నుంచి కాలేయ కణాన్ని కాపాడవచ్చు అనే మాట గాలికబురు కాదని చూపించడానికి. మనుషుల్లో, ఆసుపత్రి మంచం మీద రుజువైన మాట అది. ఇక మొక్కల దగ్గరికి వద్దాం.

మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే మనం చెట్టు నీడకు పోతాం. చెట్టు ఎక్కడికి పోతుంది? నిలబడ్డచోటే ఎండను, పురుగును, తెగులును తట్టుకోవాలి. అందుకు తనలోనే రకరకాల రసాయనాలు తయారు చేసుకుంటుంది. పసుపులోని కర్కుమిన్, నేలవేములోని చేదు ఆండ్రోగ్రాఫోలైడ్, గుంటగలగరాకులోని వెడిలోలాక్టోన్, తేయాకులోని కాటెకిన్లు ఆ కోవలోవే. వీటిలో చాలావాటికి పరీక్షనాళికలో ఫ్రీ రాడికల్స్‌ను ఆర్పే గుణం ఉంది. కాబట్టి వీటిని కాలేయం మీద ప్రయోగించి చూడాలన్న ఆలోచన సహజమే.

ఆ ప్రయోగాల్లో ఎక్కువ పేరు తెచ్చుకున్నది యూరప్ మొక్క మిల్క్ థిసిల్. ఆకులు చూస్తే మన పొలం గట్ల మీది బ్రహ్మదండి గుర్తొస్తుంది. ముళ్లు, తెల్లటి ఈనెలు. ఊదారంగు పూలు పూస్తుంది. దీని గింజల నుంచి సిలిమారిన్ అనే పదార్థ సముదాయాన్ని 1968లో జర్మనీలోని మ్యూనిక్‌లో వేరు చేశారు. మీలో కొందరు వేసుకుంటున్న 'లివర్ మాత్రల' డబ్బా మీద ఈ పేరు ఉండే ఉంటుంది. మన దేశంలో హిమాలయాల కటుకరోహిణి మీద లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థ ఏళ్ల తరబడి పనిచేసి పిక్రోలివ్ అనే సారాన్ని తయారు చేసింది.

ఇలాంటి మొక్కల మీద మన దేశపు ఫార్మసీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో లెక్కలేనన్ని పరిశోధనలు జరిగాయి. చాలావాటి పద్ధతి ఒకటే. ఎలుకలను గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు కొన్ని రోజుల పాటు ఆకు సారం పడతారు. తర్వాత కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇస్తారు. ఒకప్పుడు బట్టల డ్రైక్లీనింగ్‌కు వాడిన ద్రావకం ఇది. కాలేయంలోని ఎంజైము దాన్ని భయంకరమైన ఫ్రీ రాడికల్‌గా మారుస్తుంది. ఆ తర్వాత ఎలుక రక్తంలో ఎస్‌జీపీటీ చూస్తారు. అది కాలేయ కణం లోపల ఉండాల్సిన ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. సారం తాగిన ఎలుకలో ఎస్‌జీపీటీ తక్కువగా ఉంటే "ఈ మొక్క కాలేయాన్ని కాపాడుతుంది" అని వ్యాసం వస్తుంది. మర్నాడు పేపర్లో వార్త. ఆ మర్నాడు సీసా మీద లేబులు.

అబద్ధం ఎక్కడుంది అంటారేమో. ఎలుక దగ్గర లేదు. ఎలుక నుంచి మనిషి దాకా నడిచే దారిలో మూడు గతుకులు ఉన్నాయి. అవి తెలుసుకుంటే చాలు.

మొదటిది, ముందూ వెనకా. ఎలుకకు ముందు మందు ఇచ్చి, తర్వాత విషం ఇచ్చారు. మనం చేసేది దానికి తలకిందులు. ఏళ్ల తరబడి తాగి, తిని, కాలేయం చెడ్డాక ఆకురసం మొదలుపెడతాం. గొడుగు వేసుకుని వానలోకి వెళ్లడం వేరు, తడిసి ముద్దయ్యాక గొడుగు తెరవడం వేరు. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. చాలా ఆకు సారాలు కాలేయంలోని ఆ ఎంజైమునే కాసేపు నిలిపివేస్తాయి. అప్పుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ విషంగా మారనే మారదు. ఎలుక కాలేయం బాగుంటుంది. మనం మాత్రం యాంటీ ఆక్సిడెంట్ కాపాడింది అనుకుంటాం.

రెండోది, మోతాదు. పరీక్షనాళికలో కణాల మీద పోసినంత గాఢత మన రక్తంలోకి రావాలంటే కొన్ని మొక్కల్ని బస్తాలకొద్దీ నమలాలి.

మూడోది, చేరడం. కర్కుమిన్‌నే తీసుకోండి. పేగుల్లోంచి అది రక్తంలోకి చేరేదే బహు తక్కువ. చేరినదాన్ని కాలేయం వెంటనే మార్చి బయటికి పంపేస్తుంది. 1998లో బెంగళూరులో ఒక ప్రయోగం చేశారు. మనుషులకు 2 గ్రాముల కర్కుమిన్ ఇస్తే రక్తంలో దాదాపు కనబడలేదు. దానికి 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల్లోని ఘాటు పదార్థం కలిపితే దాదాపు 20 రెట్లు ఎక్కువగా రక్తంలోకి చేరింది. అందుకే ఇవాళ పసుపు క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతున్నారు. వినడానికి బాగుంది. అయితే పైపరిన్ ఆ పని ఎలా చేస్తోంది? అక్కర్లేనివాటిని బయటికి పంపే కాలేయపు పనిని మందగింపజేసి చేస్తోంది. కాపలావాణ్ణి పక్కకు తప్పించి సరుకు లోపలికి తోసినట్టు. ఆ కాపలావాడు ఆపాల్సిన ఇతర మందులు, విషాలు కూడా అదే సందులో లోపలికి రావచ్చు.

ఇప్పుడు మీకు ఇంకో ఆసక్తికరమైన సంగతి చెప్పాలి. మొక్కల రసాయనాలు కణంలోకి వెళ్లి తామే రవ్వల్ని ఆర్పుతాయని మేం చాలాకాలం అనుకున్నాం. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పాల్ తలాలే బృందం బ్రోకలీ నుంచి సల్ఫొరాఫేన్ అనే పదార్థాన్ని వేరు చేసింది. అది రవ్వల్ని తిన్నగా ఆర్పదు. పైగా కణానికి కాస్త చిరాకు పుట్టిస్తుంది. ఆ చిరాకుతో కణం మేల్కొని తన సొంత రక్షణ ఎంజైముల్ని పెంచుకుంటుంది. ఇదెలా జరుగుతుందో తర్వాతి ఏళ్లలో జపాన్ శాస్త్రవేత్త మసయుకి యమమోతో బృందం తేల్చింది. కణంలో ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ ఉంటుంది. కీప్1 అనే మరో ప్రోటీన్ దాన్ని మామూలు రోజుల్లో చెయ్యి పట్టుకుని ఆపి ఉంచుతుంది. ప్రమాదం వాసన తగలగానే కీప్1 పట్టు సడలుతుంది. ఎన్ఆర్ఎఫ్2 పరుగున కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారు చేసే జన్యువులతో సహా రక్షణ జన్యువుల్ని నిద్ర లేపుతుంది. కర్కుమిన్ వంటివి పనిచేసే తీరు కూడా చాలావరకు ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాం.

మన పీఈటీ మాస్టారు పొద్దున్నే ఈల ఊది డ్రిల్లు చేయించేవారు గుర్తుందా? ఆయన మన తరఫున పరిగెత్తలేదు. మనల్నే పరిగెత్తించారు. మొక్క రసాయనం పని అదే. కాలేయానికి కాపలా కాలేయమే. మొక్క చేయించేది డ్రిల్లు. అయితే డ్రిల్లు పేరుతో పిల్లల్ని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలో పరిగెత్తిస్తే ఏమవుతుంది? కూలబడిపోతారు. మోతాదు మించిన మొక్క రసాయనంతో కాలేయానికి జరిగేదీ అదే.

గ్రీన్ టీ ఇందుకు మంచి ఉదాహరణ. అందులోని ఈజీసీజీ అనే పదార్థం పేరుమోసిన యాంటీ ఆక్సిడెంట్. కప్పులో కాచుకుని తాగితే సాధారణంగా ఏ ఇబ్బందీ లేదు. అదే పదార్థాన్ని గుచ్చెత్తి క్యాప్సూల్‌లో పెట్టి రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో ఎస్‌జీపీటీ వంటివి పెరిగినట్టు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో ప్రకటించింది. కాలేయ కణాన్ని పరీక్షనాళికలో కాపాడిన పదార్థమే మనిషిలో కాలేయాన్ని దెబ్బతీసింది. పసుపు క్యాప్సూల్స్ వల్ల కాలేయం దెబ్బతిన్న 10 మంది కేసుల్ని అమెరికా వైద్యులు పరిశీలిస్తే, వారిలో 7గురికి ఒకే జన్యు రకం ఉన్నట్టు తేలింది. అంటే అందరికీ అపాయం లేదు, కొందరికి ఉంది. ఆ కొందరిలో మనం ఉన్నామో లేదో ముందుగా తెలియదు. వంటలో వేసుకునే చిటికెడు పసుపు గురించి నేను మాట్లాడటం లేదని గమనించండి. మీ ఇంటి పప్పుచారు నిశ్చింతగా తినండి.

మరి మనుషుల మీద చేసిన పరీక్షలు ఏం చెప్పాయి? మూడు చెబుతాను. ఒకటి మన నేల ఉసిరి గురించే.

1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి వైరస్‌ను ఏళ్ల తరబడి ఒంట్లో మోస్తున్నవారికి నేల ఉసిరి పొడిని 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇచ్చారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు కనబడకుండా పోయింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం రచయితల్లో బరూచ్ బ్లంబర్గ్ ఒకరు. హెపటైటిస్ బి వైరస్ జాడ కనిపెట్టి 1976లో నోబెల్ బహుమతి అందుకున్న మహానుభావుడు. ప్రపంచమంతా మన నేల ఉసిరి వైపు చూసింది. తర్వాత థాయిలాండ్‌లో, మరికొన్ని చోట్ల మళ్లీ పరీక్షించి చూశారు. ఆ ఫలితం మళ్లీ రాలేదు. అన్ని పరీక్షల్నీ కలిపి చూసిన 2011 నాటి సమీక్ష, నేల ఉసిరి జాతి మొక్కలు హెపటైటిస్ బి మీద పనిచేస్తాయనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. ఇది ఆక్సీకరణ ఒత్తిడి కథ కాకపోయినా పాఠం ఒక్కటే. ఒకసారి వచ్చిన ఫలితం ఆశ మాత్రమే. మళ్లీ మళ్లీ వస్తేనే మందు.

రెండోది సిలిమారిన్. అమెరికాలో హెపటైటిస్ సి రోగులు 154 మందికి 24 వారాల పాటు 420 లేదా 700 మిల్లీగ్రాముల సిలిమారిన్, లేదంటే ఉత్తుత్తి మాత్ర, రోజుకు మూడుసార్లు ఇచ్చి చూశారు. 2012లో ఫలితం వచ్చింది. సిలిమారిన్‌కూ ఉత్తుత్తి మాత్రకూ తేడా కనబడలేదు. అలాగని సిలిమారిన్ పనికిమాలినది అనకండి. యూరప్‌లో విషపు పుట్టగొడుగు తిన్నవారికి అందులోని సిలిబినిన్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. పుట్టగొడుగు విషం కాలేయ కణంలోకి దూరే తలుపును అది అడ్డుకుంటుంది. ఒక జబ్బులో, ఒక రూపంలో, ఒక వేళలో పనికొచ్చేది ఇంకో జబ్బులో పనికి రాకపోవచ్చు.

మూడోది గెలిచిన కథ. విటమిన్ ఇ ని తయారు చేసేది మొక్కలే. నూనెగింజల్లో, బాదంలో ఉంటుంది. ఫ్యాటీ లివర్ ముదిరి వాపు వచ్చినా మధుమేహం లేనివారి మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితం 2010లో వచ్చింది. రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ ని 96 వారాలు తీసుకున్నవారిలో 43 శాతం మందికి కాలేయం మెరుగుపడింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 19 శాతం మందికి మెరుగుపడింది. ఇది నిజమైన తేడా. అయితే కాలేయంలో అప్పటికే పడిన మచ్చలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. పైగా 35 వేల మందికి పైగా మగవాళ్ల మీద చేసిన మరో పెద్ద పరీక్షలో, రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తెలిసింది. కాబట్టి గెలిచిన మందు కూడా డాక్టరు చెబితేనే వేసుకోవాలి.

ఇంత రసాయనశాస్త్రం చెప్పింది ఒక మాట కోసం. మన ఊళ్లలో పచ్చకామెర్లకు పసరు పోయించడం మీ అందరికీ తెలుసు. మంగళవారమో ఆదివారమో తెల్లవారుజామున పరగడుపున తాగిస్తారు. కొన్ని చోట్ల ముక్కులో పిండుతారు, చేతి మీద వాత పెడతారు. ఉప్పూ నూనే మానేయమంటారు. చాలామందికి తగ్గుతుంది కూడా. నేను కాదనను. ఎందుకు తగ్గుతుందో చెబుతాను. నీళ్ల వల్ల, తిండి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలావరకు దానంతట అదే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కాలేయం తనను తాను బాగుచేసుకుంటుంది. పేరు పసరుకు వస్తుంది.

సమస్య ఎక్కడంటే, కళ్లు పచ్చబడటం ఒక్క జబ్బు కాదు. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా పచ్చబడతాయి. గడ్డ వచ్చినా పచ్చబడతాయి. క్షయ మందు పడకపోయినా పచ్చబడతాయి. వీటిలో ఏదీ పసరుతో పోదు. గర్భిణికి చివరి నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. పచ్చకామెర్ల రోగి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ఒక్క పూట కూడా ఆగకూడదు.

పసిపిల్లల సంగతి మరీ ముఖ్యం. పుట్టిన కొత్తలో వచ్చే కామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పైగా దొడ్డికి సున్నంలా తెల్లగా పాలిపోయి వెళ్తుంటే, పైత్యనాళాలు మూసుకుపోయే జబ్బు కావచ్చు. దానికి ఆపరేషన్ ఉంది. బిడ్డకు 60 రోజులు నిండే లోపు చేస్తే ఫలితం బాగుంటుంది. ఆ 60 రోజుల్లో పసరు కోసం తిరిగిన ప్రతి వారం ఆ బిడ్డ కాలేయం ఖాతాలోంచి పోయినట్టే. ఇక్కడున్న టీచర్లు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుని నలుగురికి చెబితే నా ప్రసంగం మిగతాదంతా మరిచిపోయినా నాకు బాధ లేదు.

తిప్పతీగ సంగతి కూడా చెప్పాలి. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి పెరుగుతుందని కషాయం కాచుకుని తాగనివారు తక్కువ. తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న 6గురి వివరాలు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రులు కలిసి అలాంటి 43 మంది వివరాలు వెల్లడించాయి. తిప్పతీగ మంచిదేనని, దాన్ని పోలిన వేరే తీగను పొరబడి వాడి ఉండవచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ వాదించింది. ఆ వాదననే ఒప్పుకున్నా మనకు మిగిలే ప్రశ్న ఒకటుంది. గోడ మీంచి కోసుకొచ్చిన తీగ ఏ జాతిదో మనలో ఎందరం చెప్పగలం?

మరి ఏం చేయాలి? నేను ఫోన్లో చెప్పే మాటలే చెబుతాను.

ఫ్యాటీ లివర్ అన్నారా? బరువు ఎక్కువ ఉంటే శరీర బరువులో 7 నుంచి 10 శాతం తగ్గండి. 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు. కాలేయంలోని కొవ్వు, వాపు తగ్గడానికి ఇది బాగా రుజువైన మార్గం. దీనికి రోజూ నడవాలి, అన్నం కుప్ప తగ్గాలి, కూర పెరగాలి.

మందు తాగే అలవాటుంటే మానేయండి. తాగుతూ లివర్ టానిక్ తాగడమంటే, కుళాయి తెరిచి ఉంచి నేల తుడవడమే.

పారాసెటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు మించకూడదు. జలుబు మాత్రల్లో, నొప్పి మాత్రల్లో కూడా అదే ఉంటుంది, కలిపి లెక్కపెట్టండి. రోజూ తాగేవాళ్లకు, తిండి సరిగా తిననివాళ్లకు గ్లూటాథయోన్ నిల్వ తక్కువ కాబట్టి అంతకంటే తక్కువ మోతాదే ప్రమాదం కావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏ ఆకు, ఏ పొడి, ఏ కషాయం వాడుతున్నారో దాచకుండా చెప్పండి. తిడతారని భయపడి దాచేది మనం, నష్టపోయేదీ మనమే.

ఆకుకూరలు, ఉసిరికాయ, మునగాకు, కరివేపాకు తిండిగా తినండి. అందులో డ్రిల్లు మోతాదు సరిపోతుంది. కాఫీ ప్రియులకు ఒక శుభవార్త. కాఫీ తాగేవారిలో కాలేయ జబ్బులు తక్కువని అనేక దేశాల పరిశీలనల్లో కనబడింది. కాఫీ వల్లేనని ఇంకా రుజువు కాలేదు గానీ, ఇందాక బయట రెండో కప్పు తీసుకున్నవాళ్లు దిగులుపడనక్కర్లేదు. చక్కెర మాత్రం తగ్గించండి.

విద్యార్థులకు ఒక మాట. ఫలానా మొక్క కాలేయాన్ని కాపాడుతుందని వార్త కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఎవరిలో చూశారు, నాళికలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారా? ఇంకెవరైనా మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చిందా? ప్రశ్న వేయడం మొక్కను అవమానించడం అవదు. మన పెరటి మొక్కల్లో నిజమైన మందు ఉంటే దాన్ని తవ్వి తీసేది ఈ ప్రశ్నలు వేసేవాళ్లే. ఆ పని మీలో ఎవరైనా చేస్తారని నా ఆశ.

చివరగా సంఘానికి ఒక విన్నపం. ఇందాక బ్లంబర్గ్ గారి పేరు చెప్పాను. ఆయన చెయ్యి పడిన నేల ఉసిరి పరీక్ష నిలబడలేదు. కానీ అంతకు చాలా ముందే, 1969లో, ఆయన, ఇర్వింగ్ మిల్‌మన్ కలిసి హెపటైటిస్ బి టీకాకు దారి వేశారు. అది నిలబడింది. కాలేయ క్యాన్సర్‌కు ఒక ముఖ్య కారణాన్ని ముందే ఆపగల టీకా అది. మన దేశంలో పసిపిల్లలందరికీ అది అందడం ఈ శతాబ్దంలోనే మొదలైంది. ఈ హాల్లో నలభై దాటిన మనలో చాలామందికి చిన్నప్పుడు పడలేదు. మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతుంది. స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత తీసి, మన పూర్వ విద్యార్థులకు, బడి సిబ్బందికి, పిల్లల తల్లిదండ్రులకు హెపటైటిస్ బి రక్తపరీక్ష చేయించి, అవసరమైనవారికి టీకా వేయించే ఏర్పాటు చేయమని కోరుతున్నాను. మనలో డాక్టర్లు ఉన్నారు, ల్యాబ్ నడిపేవాళ్లున్నారు, మందుల దుకాణం ఉన్నవాళ్లూ ఉన్నారు. నా వంతు చందా కార్యదర్శిగారికి ఇచ్చేశాను.